రోకలికి రెండో భుజం

మా ఊరిని సినిమాలో చూపిస్తారంటే నేను మొదట నమ్మలేదు. చూపించడానికి ఇక్కడ ఏముంది? చెనిక్కాయ చేలు, కంపచెట్లు, నీళ్ళ ట్యాంకు మీద ఎప్పుడో రాసి ఎవరూ చెరపని ఎన్నికల గుర్తు. శింగనమల చెరువు నిండిన ఏడు అటువైపు జనం ఫొటోలు దిగడానికి పోతారు గానీ, దారిలోనే ఉన్న మా ఊరి దగ్గర బండి ఆపేవాడు టైరు పంచరైనవాడే. అలాంటి ఊరికి సినిమా వాళ్ళు వచ్చారు, ఉన్నారు, పోయారు. ఏడాదిన్నరకు సినిమా వచ్చింది. వారం తిరక్కుండా అదీ పోయింది. పేరు 'బెకబెక రాజు'. మీరు చూసి ఉండరు. చూడనందుకు మీకు పోయింది కూడా ఏమీ లేదు.

అందులో రోకలి మోసే ముసలామె మా హనుమంతమ్మ పెద్దమ్మ. ఆమె సంగతి చెప్పాలంటే ఆ సినిమాను కాసేపు భరించక తప్పదు.

నా పేరు శ్రీనివాసులు. షామియానాలు, మైకుసెట్టు, జనరేటరు బాడుగకు ఇస్తాను. ఊళ్ళో పెళ్ళికీ నేనే, దినానికీ నేనే. నాకు నోరు ఎక్కువని నా భార్య హేమలత అంటుంది. మైకుల మీద బతికేవాడికి నోరు తక్కువైతే పూట ఎలా గడుస్తుందో ఆమే చెప్పాలి. హనుమంతమ్మ పెద్దమ్మ ఇల్లు మా ఇంటికి ఎదురు. చిన్నప్పటి నుంచి ఆమె తిట్లు తింటూ పెరిగాను కాబట్టి ఆమె గురించి చెప్పే హక్కు నాకుంది.

పెద్దమ్మ పుట్టిల్లు కణేకల్ వైపు. కాలువ కింద ఊరు. అక్కడ వరి పండుతుంది. ఆమెను తెచ్చి మా మెట్ట ఊళ్ళో నల్లప్ప పెదనాయనకు ఇచ్చారు. "కాలవ నీళ్ళు తాగినదాన్ని తెచ్చి కరువులో పారేసినాడు మా నాయన" అని ఇప్పటికీ తిడుతుంది. ఆ నాయన పోయి చాలా ఏళ్ళయింది, నల్లప్ప పెదనాయన కూడా పోయాడు, తిట్టు మాత్రం పచ్చిగానే ఉంది. ఆకాశం వైపు చూసే అలవాటు తనకు పెళ్ళయ్యాకే వచ్చిందని చెబుతుంది. పుట్టింట్లో తల వంచి కాలువ వైపు చూసేవాళ్ళట.

కాపురానికి వచ్చిన ఏడే వాన మొహం చాటేసింది. విత్తనం చెనిక్కాయలు వలిచి ఇంట్లో పెట్టుకుని ఊరంతా కూర్చుంది. ఒకరోజు పొద్దున్నే పక్క సందులో ఉండే కదిరమ్మ రోకలి చేత్తో పట్టుకుని వాకిట్లోకి వచ్చి, కొత్త కోడలిని కిందికీ పైకీ చూసి, "పొడుగుండావు. వెనక నిలబడు" అని ఒక కొన ఆమె భుజం మీద పెట్టింది. ఇష్టమా, కాదా అని అడగలేదు. పెద్దమ్మ జీవితంలో పెద్ద సంగతి ఏదంటే అదేనని నేనంటాను. ఆమె పెళ్ళి అంటుంది గానీ, ఊరికే మర్యాదకు.

కప్పతల్లిని మోయడం అంటే ఇది. బతికున్న కప్పను తడి గుడ్డలో వదులుగా చుట్టి, చుట్టూ వేపమండలు పెట్టి రోకలి నడుమ కడతారు. ఇద్దరు ఆడవాళ్ళు ముందొకరు, వెనకొకరు ఆ రోకలిని భుజాల మీద మోస్తూ ఇంటింటికీ పోతారు. ఇంటి ఇల్లాలు బిందెతో నీళ్ళు తెచ్చి కప్ప మీద పోస్తుంది. చేటలో జొన్నలో బియ్యమో పెడుతుంది. అన్నీ అయ్యాక కప్పను తెచ్చిన చోటే వదిలి, వచ్చిన గింజలు వండి పిల్లలకు పెడతారు. పొట్టి మనిషి ముందుండాలి, పొడుగు మనిషి వెనకుండాలి, లేకపోతే మూట జారి వచ్చి ముందున్నవాళ్ళ మెడకు తగులుతుంది. ఒక్కతే మోయడానికి కుదరదు. రోకలికి రెండు భుజాలు కావాలి.

పాట కదిరమ్మ దగ్గరే నేర్చుకుంది పెద్దమ్మ. తొందరలోనే కదిరమ్మను మించిపోయింది. ఎందుకంటే మా ఊరి పాటలో ప్రతి ఇంటి ముందూ ఆ ఇంటివాళ్ళ పేరు కలిపి అప్పటికప్పుడు కట్టాలి. ఆ పని పెద్దమ్మ నాలుకకు అచ్చొచ్చింది. మా ఇంటి ముందు ఒక ఏడు ఇలా పాడింది:

"శీనయ్య ఇంటి ముందర షామియానమ్మా,
చినుకొచ్చి దాని మీద చిందులెయ్యాలా,
బాడుగ తిన్నోడి బట్ట తడిసిపోవాలా."

ఊరంతా నవ్వింది. హేమలత అందరికంటే ఎక్కువ నవ్వి, రెండు చేటల జొన్నలు పెట్టింది.

ఇంకో కట్టుబాటు కూడా ఉంది. మోసేవాళ్ళు తమ ఇంటి ముందు ఆగకూడదు. ఊరి కోసం అడిగేటప్పుడు తన కోసం అడగకూడదని కదిరమ్మ చెప్పిందట. అందుకని రోకలి మా ఇంటి ముందు ఆగి, ఎదురుగా ఉన్న పెద్దమ్మ ఇంటిని చూడనట్టే దాటిపోయేది. అన్నిటికంటే గట్టి కట్టుబాటు మరొకటి. ఖాళీ రోకలి మోయకూడదు. కప్ప లేకుండా వాకిళ్ళు తిరిగితే వాన లేదని మనమే చాటింపు వేసినట్టు. ఏ శాస్త్రంలో ఉందో నాకు తెలియదు. పెద్దమ్మకూ తెలియదు. కానీ ఆమెను ఎవరూ దాని నుంచి కదిలించలేరు.

ఒకసారి నేను తెలివి చూపించబోయాను. "పెద్దమ్మా, కప్ప మీద నీళ్ళు పోస్తే వానెట్ల వస్తాది? అది వేరే లెక్క గదా" అన్నాను.

"వచ్చేది, రానిది దాని ఇష్టం రా" అంది. "అడిగేది మన పని. అడగందే అమ్మైనా పెట్టదు. నువ్వు బాడుగ అడగకుండా ఉంటావా?"

మూడేళ్ళ కింద కదిరమ్మ పోయింది. రెండో భుజం పోయింది. మరుసటి ఏడు పెద్దమ్మ ఇంటింటికీ తిరిగి ఆడవాళ్ళను అడిగింది. ఒకామెకు మోకాలు నొప్పి, ఒకామెకు ఉపాధి పని, ఇంకొకామె "ఇంగా ఆ కప్పలేంది హనుమంతక్కా" అని మొహం మీదే అనేసింది. చివరికి కదిరమ్మ మనవరాలు జ్యోతి దగ్గరికి పోయింది. శింగనమల హైస్కూలుకు బస్సులో పోయి వచ్చే పిల్ల. "రోకలెత్తుకుని బజార్లో పోతే మా క్లాసోళ్ళు చూస్తారు అవ్వా. జన్మంతా నవ్వుతారు" అని లోపలికి పోయిందట. పిల్ల తప్పేమీ లేదు. ఆ వయసులో నవ్వు కంటే పెద్ద కరువు ఉండదు.

ఆ ఏడు రోకలి మూలకు చేరింది. వాన రాలేదని కాదు, అదను తప్పి వచ్చింది. ఆ మాత్రం మా ఊళ్ళో మామూలే. కానీ పెద్దమ్మ ఎప్పుడూ లేనిది వాకిట్లో కూర్చుని ఎవరినీ తిట్టకుండా పొద్దు గడపడం చూసి నాకు భయం వేసింది. "నేను పోయేలోపల ఆ రెండో కొన ఎవరన్నా పట్టుకుంటే చాలప్పా. నాకు ఇంగేం వొద్దు" అని ఒకరోజు నాతో అంది. ఆమె తన కోసం ఎవరినీ ఏదీ అడిగిన మనిషి కాదు. ఆ మాట నా మనసులో ఉండిపోయింది.

ఆ చలికాలమే సినిమా వాళ్ళు వచ్చారు. డైరెక్టరు హరినాథ్, ముప్పై దాటని మనిషి, మర్యాదస్తుడు. జనరేటరు కోసం నా దగ్గరికి వచ్చి, మాటల్లో కథ చెప్పాడు. కరువు ఊరు, ఒక చిన్నపాప, ఒక కప్పరాజు. మనుషులంతా నిజం మనుషులు, కప్ప మాత్రం బొమ్మ. కంప్యూటరులో గీసి మనుషుల పక్కన నడిపిస్తారట. "కప్పతల్లి పాట తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అన్నా" అని అడిగాడు. ఉన్నదే ఒక్కతె. తీసుకుపోయి ఎదురింటి వాకిట్లో నిలబెట్టాను.

పెద్దమ్మ అతని పేరు, ఊరు అడిగి, ఆ పేరుతోనే ఒక చరణం కట్టి పాడింది. హరినాథ్ కళ్ళు మెరిశాయి. "అమ్మా, మీరే చెయ్యాలి. మీ పాటే పెడతాం, మీ గొంతే పెడతాం" అన్నాడు.

"ఒక మాట చెప్పప్పా" అంది పెద్దమ్మ. "ఇది సినిమాలో చూస్తే మా ఊరి ఆడపిల్లోళ్ళు సిగ్గు పడకుండా పట్టుకుంటారా?"

"తప్పకుండా పట్టుకుంటారమ్మా. సినిమాలో వచ్చినదాన్ని ఎవరు కాదంటారు?"

ఆ మాట మీదే ఆమె ఒప్పుకుంది. ఇంకేమీ అడగలేదు.

షూటింగు రోజు పేచీ వచ్చింది. రోకలి రెండో కొన పట్టుకోవడానికి పట్నం నుంచి ఒక పాపను తెచ్చారు. పొట్టి పిల్ల కాబట్టి ముందు నిలబెట్టమని పెద్దమ్మే చెప్పింది, అంతవరకు బాగానే ఉంది. రోకలి నడుమ ఒక ఆకుపచ్చ గుడ్డ మూట కట్టి తెచ్చారు. పెద్దమ్మ దాన్ని నొక్కి చూసింది.

"ఇందులో కప్ప యాడ?"

"కప్పను తర్వాత పెడతామమ్మా, కంప్యూటరులో. మీరు ఈ కర్ర చివర బంతి ఉంది చూడండి, అదే కప్ప అనుకుని దాన్ని చూసి పాడండి."

"మోసేది ఇప్పుడు, కప్పను పెట్టేది తర్వాతనా? ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్ల. ఖాళీ రోకలి నేను మొయ్యనప్పా."

హరినాథ్ బతిమాలాడు. ఎండ ఎక్కుతోంది, పట్నం పాప గొడుగు కింద ఆవలిస్తోంది, నా జనరేటరు డీజిలు తాగుతోంది. పెద్దమ్మ ఉన్నట్టుండి "సరే, ఇంటికి పోయి వేపమండలు తెస్తా. మండలు నేనే కడతా. దానికన్నా ఒప్పుకుంటారా?" అంది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. నాకు మాత్రం అక్కడే అనుమానం రావాల్సింది. ఆమె అంత తేలిగ్గా దిగివచ్చే మనిషి కాదు.

ఇంటింటి ముందూ ఆగారు, పాడారు, నీళ్ళు పోయించుకున్నారు. పెద్దమ్మ గొంతు ఆ రోజు నేను ఎప్పుడూ విననంత బాగా పలికింది. కర్రకు కట్టిన బంతి వైపు మాత్రం ఒక్కసారీ చూడలేదు, మూట వైపే చూసింది. నడుమలో చెవులకు మిషన్లు పెట్టుకున్న అబ్బాయి చెయ్యెత్తి ఆపాడు. "ఎవరి ఫోనో మోగుతోంది. కప్ప అరిచే రింగ్‌టోను. దయచేసి ఆఫ్ చెయ్యండి." అందరూ జేబులు తడుముకున్నారు. పెద్దమ్మ కూడా కొంగు తడుముకుంది. ఆమెకు ఫోనే లేదు.

పని ముగిశాక నేను తీగలు చుట్టుకుంటూ బోరింగు పక్కకు పోయాను. అక్కడ నీళ్ళ గుంత దగ్గర పెద్దమ్మ కూర్చుని వేపమండల్లోంచి బొద్దు కప్పను తీసి నీళ్ళలో వదులుతోంది. నన్ను చూసి బెదరలేదు.

"వాళ్ళ కప్పను వాళ్ళు తర్వాత పెట్టుకోనీలే. నా కప్పను నేను పెట్టుకున్నా. నోరు మూసుకో."

జీవితంలో మొదటిసారి నోరు మూసుకున్నాను.

మరుసటి వేసవిలో ఆమె ఎవరినీ రోకలి పట్టమని అడగలేదు. "సినిమా రానీ, అప్పుడు పిలుస్తా" అంది. బస్సు దిగి వచ్చే జ్యోతిని పిలిచి, "నీ ఫోనులో చూడు, సినిమా యా దినం వస్తాదో" అని అడిగేది. సినిమా రాలేదు. వాయిదా పడింది, మళ్ళీ వాయిదా పడింది. ఇంకో వేసవి కూడా గడిచి, జూన్ నెల మొదట్లో హరినాథ్ ఫోను చేసి శుక్రవారం విడుదల అన్నాడు.

షామియానాలు తీసుకుపోయే నా టాటా ఏస్‌లో ఊరి ఆడవాళ్ళందరినీ ఎక్కించుకుని అనంతపురం పోయాను. పెద్దమ్మ పెట్టెలో దాచిన పట్టుచీర కట్టింది. పదో తరగతి ముగిసి కాలేజీ కోసం ఎదురుచూస్తున్న జ్యోతి, ఆమె స్నేహితురాలు హేమావతి కూడా వచ్చారు. వాళ్ళకు సినిమా కావాలి అంతే. థియేటరులో మేము పోకముందు ఎంతమంది ఉన్నారో చెబితే హరినాథ్ మనసు నొచ్చుకుంటుంది కాబట్టి చెప్పను.

బొమ్మ కప్ప తెర మీదికి వచ్చింది. కొత్త ప్లాస్టిక్ బిందెలా తళతళలాడుతోంది. దానికి కనురెప్పలు, నెత్తిన కిరీటం. నేల మీద దూకితే కాళ్ళు నేలకు ఆనవు. ఎండలో అందరికీ నీడ ఉంది, దానికి లేదు. మనుషులు ఒకవైపు చూసి మాట్లాడుతుంటే అది ఇంకోవైపు నిలబడి జవాబు చెబుతుంది. అది చెప్పే జోకులకు అదే నవ్వుకుంటుంది. ఎంత పనిమంతులైన పిల్లలు గీశారో పాపం, కొండను తవ్వి ఎలుకను పట్టారు. మా వరసలో పిల్లలు కూడా పాప్‌కార్న్ మీదే దృష్టి పెట్టారు.

అంతా భరించవచ్చు. పాట వచ్చినప్పుడు నేను భరించలేకపోయాను. పెద్దమ్మ తెర మీద రోకలి మోస్తూ వచ్చింది, ఊరి ఆడవాళ్ళు ఈలలు వేశారు, ఆమె నోరు తెరిచింది. లోపల్నుంచి ఎవరో పట్నం అమ్మాయి గొంతు వచ్చింది. సన్నటి గొంతు, వెనక డ్రమ్ములు. మాటలు కూడా పెద్దమ్మవి కావు. ఆమె పెదవులు ఒక పాట పాడుతుంటే మాకు ఇంకో పాట వినిపిస్తోంది. నాకు ఒళ్ళు మండింది. లేచి తెర వెనక్కి పోయి స్పీకరు వైర్లు పీకేద్దామనిపించింది. నా పనే అది కాబట్టి ఏ వైరు పీకాలో కూడా తెలుసు. పక్కకు తిరిగి చూశాను. పెద్దమ్మ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"గొంతు నాది కాదు" అంది మెల్లగా, నేనేదో గమనించలేదన్నట్టు.

అప్పుడే వెనక వరసలోంచి జ్యోతి, "అవ్వా, ఆ మూటలో ఏంది?" అని అడిగింది.

తెర మీద బొమ్మ కప్ప రోకలెక్కి గంతులు వేస్తోంది. దాని కాళ్ళ కింద, వేపమండల్లోంచి, ఇంకో కాలు బయటికి వచ్చింది. మట్టిరంగు కాలు. వేళ్ళు విడిగా చాచి, గాలిలో ఏదో వెతికినట్టు వెతికి, లోపలికి పోయింది. ఒక ఇల్లాలు బిందెతో నీళ్ళు పోసింది. పైనున్న రాజుగారికి చుక్క అంటలేదు, ఆయన గంతులు ఆయనవే. కింద మూట మాత్రం ఒక్కసారి ఒళ్ళు విదిల్చుకుంది.

"లోపల నిజం కప్ప ఉండాది" అని హేమావతి గట్టిగా అనేసింది.

నాకు నవ్వు ఆగలేదు. ఇన్నాళ్ళు మూసిన నోరు అక్కడ తెరిచాను. పేచీ, వేపమండలు, రింగ్‌టోను, బోరింగు గుంత, అన్నీ చెప్పేశాను. మా వరసలు వరసలే కదిలిపోయాయి. ముందు కూర్చున్న ఎవరో పెద్దమనిషి వెనక్కి తిరిగి సంగతి అడిగి తెలుసుకుని, తనూ నవ్వి, కాలు మళ్ళీ వస్తుందేమోనని చివరిదాకా చూశాడు. ఆ ఆటలో ఆ సినిమాను శ్రద్ధగా చూసిన పరాయి మనిషి ఆయనొక్కడే అయ్యుంటాడు.

తిరిగివస్తుంటే పెద్దమ్మ ముందు సీట్లో నా పక్కన కూర్చుంది. వెనక ఆడవాళ్ళు ఇంకా నవ్వుతున్నారు. ఆమె నవ్వలేదు.

"నా గొంతు తీసేసినారు. కప్పను ఆటబొమ్మ చేసినారు" అంది. "ఇది చూసి ఇంగ యా పిల్ల పట్టుకుంటాదప్పా? ఇంగా ఎక్కువ నవ్వుతారు. నేనే నమ్మి చెడినా."

ఊరు చేరి అందరూ దిగుతున్నప్పుడు జ్యోతి ముందుకు వచ్చి కిటికీ పట్టుకుని నిలబడింది.

"అవ్వా, కప్పకు లోపల ఊపిరి ఆడతాదా?"

"తడి గుడ్డ వదులుగా చుడితే ఎందుకు ఆడదు?"

"కరవదా?"

"దానికి పండ్లు యాడివే, కరిచేకి?"

"మా అవ్వ ముందు నిలబడేదా, వెనకనా?"

పెద్దమ్మ ఆ పిల్ల మొహంలోకి చూసింది. "ముందు. మీ అవ్వ పొట్టి" అని చెప్పి దిగి ఇంట్లోకి పోయింది.

రెండు రోజులకు హరినాథ్ ఫోను చేశాడు. గొంతు నీరసంగా ఉంది. పాట మార్చింది తను కాదని, డబ్బు పెట్టినవాళ్ళు పట్టుబట్టారని, పెద్దమ్మకు మొహం చూపించలేనని అన్నాడు. తర్వాత ఆగి, "అన్నా, ఆ కాలు సంగతి మాకు చివర్లో తెలిసింది. చెరిపెయ్యాలంటే గ్రాఫిక్స్ వాళ్ళు ఇంకా డబ్బు అడిగారు. అప్పటికి మా దగ్గర మిగల్లేదు" అన్నాడు. ఆ డబ్బు కరువుకు నేను దండం పెట్టుకున్నాను. జరిగిందంతా పెద్దమ్మకు చెప్పాను. "పిల్లోడు మంచోడే, చేతకాలేదు" అని తేల్చేసింది.

ఇంతలో కాలు ఊళ్ళు తిరిగింది. థియేటరులో ఎవరో తీసిన ముక్క ఫోన్లలోకి ఎక్కింది. శింగనమల పిల్లలంతా చూశారు. ఆ ముక్కలో అందరూ నవ్వింది కిరీటం పెట్టుకున్న రాజును చూసి. కింద కాలు చాచినదాన్ని చూసి మాత్రం "ఇది యా ఊరి కప్ప?" అని అడిగారట. "మాది" అని జ్యోతి చెప్పిందట. హేమావతి నాకు చెప్పింది ఈ మాట. ఇన్నాళ్ళు ఏ నవ్వుకు భయపడిందో ఆ నవ్వు పక్కవాడి మీదికి పోయేసరికి ఆ పిల్లకు భయం పోయింది. నవ్విన నాపచేనే పండుతుందంటారు కదా.

జూన్ ముగిసింది. మబ్బులు మా నెత్తి మీదుగా ఎక్కడికో పని ఉన్నట్టు పోతున్నాయి. విత్తనం చెనిక్కాయలు ఇళ్ళలో మూలుగుతున్నాయి. పెద్దమ్మ వాకిట్లో కూర్చుంటోంది, ఎవరినీ పిలవడం లేదు, తిట్టడం లేదు.

ఒక ఆదివారం పొద్దున ఆమె కేకలు వేసుకుంటూ మా వాకిట్లోకి వచ్చింది. చాలా కాలానికి వినిపించిన తిట్లు కాబట్టి నాకు ప్రాణం లేచొచ్చింది.

"నా రోకలి యాడరా శీనా? మూలన పెట్టింది ల్యాదు. నీ షామియానా గుంజకు గానీ వాడినావా?"

"నీ రోకలితో నాకేం పని పెద్దమ్మా?"

"మరి దానికి కాళ్ళొచ్చినాయా?"

దానికి కాళ్ళే వచ్చాయి. సందు మొదట్లో పిల్లల గోల వినిపించింది. హేమావతి ముందు, జ్యోతి వెనక, భుజాల మీద రోకలి, నడుమ వేపమండల మూట, నీళ్ళు కారుతూ. వెనక ఊళ్ళో ఉన్న చిన్న పిల్లలంతా. జ్యోతి పరీక్షకు పోయేటప్పటి మొహం పెట్టుకుని నడుస్తోంది. పెద్దమ్మ నోట్లో తిట్టు అలాగే ఆగిపోయింది.

మా ఇంటి ముందు ఆగారు. నా మీద ఏదో కట్టి పాడారు. అందులో నా నోరు, నా మైకు రెండూ ఉన్నాయని చెబితే చాలు. హేమలత నవ్వుతూ బిందె వంచింది. పిల్లలు ముందుకు కదిలి, రోడ్డు దాటి, ఎదురింటి ముందు ఆగారు.

"ఈడ ఆగకూడదే" అంది పెద్దమ్మ, గబగబా తన వాకిట్లోకి పోతూ. "మోసేవాళ్ళ ఇంటి ముందర ఆగరు. మీ అవ్వ చెప్పలేదా?"

"ఈ తూరి మోసేది మేము గదా అవ్వా" అంది జ్యోతి. "నువ్వు కాదు."

పెద్దమ్మ మూట దగ్గరికి వచ్చి వేపమండలు పక్కకు తీసింది.

"కప్ప ఉండాదా, ఖాళీనా?"

"ఉండాది. బోరింగు గుంతలోనే పట్టినాం. వదులుగా చుట్టినాం."

మూట కదిలింది. పెద్దమ్మ మండలు సర్ది, లోపలికి పోయి, నీళ్ళ కుండతో వచ్చి గడప ముందు నిలబడింది. జ్యోతి గొంతు సవరించుకుని ఎత్తుకుంది. హేమావతి అందుకుంది.

"కాలవూరి కూతురొచ్చె కరువూరికీ,
భుజమంత కాయ కాచె రోకలెత్తీ,
హనుమంతవ్వ వాకిట్లోన ఆగు వానమ్మా,
తను ఎన్నడడగలేదు, మేము అడుగుతాండామూ."

ఊళ్ళో ప్రతి గడప పేరూ ఆ పాటలోకి వచ్చింది. ఆమె పేరు రావడం ఇదే మొదటిసారి. అన్నేళ్ళూ పాడింది ఆమే కదా, ఆమె పేరు ఎవరు పెడతారు?

పిల్లలు ఆపి, నీళ్ళ కోసం చూశారు. పెద్దమ్మ కుండ వంచలేదు. కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

"రాగం తప్పినారు" అంది. "ఇంగోసారి పాడండి."

మైకుల మీద బతికేవాణ్ణి, రాగం ఎక్కడా తప్పలేదని నాకు తెలుసు. పిల్లలకూ తెలుసు. రోకలి భుజం మార్చుకుని మళ్ళీ మొదటి నుంచి పాడారు. అప్పుడు ఆమె కప్ప మీద నీళ్ళు పోసింది.